పాత మెమరీ, క్రొత్త మెమరీ

"క్రొత్త యొక వింత, పాత యొక రోత" అను సామెత మన యిండ్లలో తరచుగా వినబడునది. వస్తువులను కొనువేళ ఈ సామెతకు చిక్కనివారు అరుదు. చేతిలో సొమ్మున్నవానిని అది క్రొత్తదాని వైపునకు లాగును. మితముగా వ్యయము చేయదలచినవానికి, తాను పాతదానితో సరిపెట్టుకొనుచున్నాననెడి చిన్నతనమును కలిగించును. కంప్యూటరును విడిభాగములుగా కొని యింటిలోనే కూర్చుకొనువారికి ఈ సందేహము ముఖ్యముగా ఒక భాగము విషయమున కలుగుచుండును. అది అంగడివారు ర్యామ్ అని పిలుచు సన్నని పలక, అనగా యంత్రము యొక్క మెమరీ. డీడీఆర్ 4 అను పాత తరమును కొనవలెనా, డీడీఆర్ 5 అను క్రొత్త తరమును కొనవలెనా అనునదియే ప్రశ్న. చూచుటకు ఇది చిన్న ప్రశ్న. ఐనను, కుమార్తె చదువు కొరకో, కుమారుని ఉద్యోగము కొరకో పరిమితమైన ధనముతో యంత్రమును సమకూర్చు గృహస్థునకు ఇందలి పొరపాటు కొన్ని వేల రూపాయల పొరపాటగును. ఒక్కొక్కప్పుడు మెమరీతో పాటు ఇతర భాగములను గూడ మార్చుకొనవలసి వచ్చును.

ఈ సందేహము మన కాలమున పుట్టినది కాదు. కంప్యూటరు పుట్టిన నాటినుండియు ఉన్నది. పెద్ద పెద్ద సంస్థలు సయితము ఇందులో ఒకప్పుడు లాభపడినవి, ఒకప్పుడు నష్టపడినవి. ఆ డెబ్బది సంవత్సరముల చరిత్రను ఒకసారి పరికించినచో, పాతది ఎల్లవేళల చవుక కాదనియు, క్రొత్తది ఎల్లవేళల మేలు కాదనియు తేటపడును. ప్రతి తరమునకును బాల్యము, యౌవనము, వార్ధక్యము కలవు. ధరయు గుణమును ఆ వయస్సును బట్టియే మారుచుండును.

ముందుగా మెమరీ చేయు పని యెట్టిదో చూతము. గ్రంథములన్నియు బీరువాలో ఉండును. చదువదలచినదానిని తెచ్చి వ్రాతబల్లపై పెట్టుకొందుము. కంప్యూటరులో డిస్కు బీరువా వంటిది, మెమరీ బల్ల వంటిది. లెక్కలు చేయు ప్రాసెసరు బల్లపై నున్నదానిని మాత్రమే చూచి పనిచేయును. బల్ల చిన్నదైనచో మాటిమాటికి లేచి బీరువా కడకు పోవలసివచ్చును. అప్పుడు యంత్రము మందగించును. కావున మెమరీ విషయమున రెండు లెక్కలు కలవు. బల్ల ఎంత పెద్దది యనునది మొదటిది. దానిపైనుండి కాగితమును ఎంత త్వరగా అందుకొనగలమనునది రెండవది. పాత క్రొత్తల వాదమంతయు చాలవరకు రెండవ లెక్కను గూర్చినది. సామాన్యమైన ఇంటికి తరచుగా అక్కరకు వచ్చునది మొదటి లెక్క.

ఇక చరిత్ర. 1950 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో వర్ల్‌విండ్ అను కంప్యూటరును నిర్మించిరి. దాని మెమరీ టెలివిజను గొట్టములను పోలిన గాజుగొట్టములలో, విద్యుదావేశపు చుక్కల రూపమున ఉండెడిది. ఆ గొట్టములు ఖరీదైనవి, పైగా అల్పాయుష్కములు. ఆ నిర్మాణమునకు నాయకుడైన జే ఫారెస్టర్ వానికి బదులుగా ఫెరైట్ అను అయస్కాంత పదార్థముతో చేసిన అతి చిన్న ఉంగరములను ఉపయోగింపవచ్చునని తలచెను. ఒక్కొక్క ఉంగరము ఒక బిట్టు. అయస్కాంతత్వము ఒక దిశనున్నచో 1, వ్యతిరేక దిశనున్నచో 0. 1953లో ఈ ఉంగరముల మెమరీని వర్ల్‌విండ్‌కు అమర్చిరి. వేగము పెరిగెను, యంత్రము మధ్యలో ఆగిపోవుటయు తగ్గెను. ఇట క్రొత్తది అన్ని విధముల పాతదానిని మించినది. ఇట్టి స్పష్టమైన విజయము చరిత్రలో తరచుగా కనబడదు.

మన దేశమునను తొలినాటి యంత్రములలో ఈ ఉంగరములే ఉండెను. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో నిర్మింపబడి 1960లో పని ప్రారంభించిన టిఫ్రాక్ యంత్రమునకు ఉంగరముల మెమరీయే ఆధారము. అందులో 40 బిట్ల పరిమాణము గల పదములు 2,048 పట్టెడివి. అనగా మొత్తము 81,920 బిట్లు, నేటి కొలతలో 10 కిలోబైట్లు. నేడు అంగడిలో చిన్నదిగా భావింపబడు 8 గిగాబైట్ల పలక ఒక్కటి దానికి ఎనిమిది లక్షల రెట్లకు పైగా గలది. ఐనను ఆ చిన్న బల్లమీదనే మన శాస్త్రజ్ఞులు తమ గణనములను సాగించిరి.

ఉంగరములకు తీగలు ఎక్కించుట పూలమాల గ్రుచ్చుట వంటి పని. సూక్ష్మదర్శినుల సాయమున, ఎక్కువగా స్త్రీలు, చేతులతో ఆ పని చేసెడివారు. ఏండ్లు గడచి చేతులకు నేర్పు, కర్మాగారములకు అనుభవము కలిగినకొలది, బిట్టుకు ఒక డాలరు ప్రాంతమున మొదలైన ధర ఒక సెంటు ప్రాంతమునకు దిగినది. పండిన తరము యొక్క లక్షణమిది. తయారుచేయువారు దాని మర్మములన్నియు నేర్చియుందురు, కొనువానికి అది నమ్మదగినదిగాను చవుకగాను లభించును.

సరిగా అట్టి దశలోనే దానికి ప్రత్యర్థి బయలుదేరినది. ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్ట్ డెనార్డ్ ఒకే ట్రాన్సిస్టరు, ఒకే కెపాసిటరుతో ఒక బిట్టును నిలుపు విధానమును కనుగొనెను. 1968లో దానికి పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ సంస్థ 1103 అను చిప్పును విక్రయమునకు తెచ్చినది. అందులో బిట్టునకు మూడు ట్రాన్సిస్టర్లుండెను. చిప్పు మొత్తమునకు 1,024 బిట్లు. గుణము మాట చూచినచో ఈ క్రొత్తదానికి ఒక పెద్ద లోపము కలదు. ఉంగరము విద్యుత్తు ఆగినను తన విషయమును మరువదు. చిప్పులోని ఆవేశము చిల్లికుండలోని నీటివలె కారిపోవును. సెకండులో అనేక పర్యాయములు దానిని చదివి తిరిగి నింపుచుండవలెను. విద్యుత్తు ఆగినచో అంతయు మాయమగును.

ఇట్లుండియు క్రొత్తదే గెలిచినది. కారణము తయారీ విధానము. ఉంగరములను ఒక్కొక్కటిగా గ్రుచ్చవలెను. చిప్పులను సిలికాను పలకపై అచ్చువేసినట్లు వందలకొలదిగా ఒక్కసారి దింపవచ్చును. తాటాకులపై వ్రాయు లేఖకునకును అచ్చుయంత్రమునకును పోటీ వచ్చినప్పుడు ఏమి జరిగినదో ఇటను అదియే జరిగినది. రెండేండ్లలో 1103 ప్రపంచమున అత్యధికముగా అమ్ముడుపోవు అర్ధవాహక మెమరీ చిప్పుగా పేరొందెను.

ఆ సంధికాలమున కొన్నవారి యవస్థ గమనింపదగినది. 1970 జూనులో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 370 శ్రేణిలోని 155, 165 అను పెద్ద యంత్రములలో ఉంగరముల మెమరీయే కలదు. అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రకటించిన 145 అను చిన్న యంత్రములో చిప్పుల మెమరీ ఉండెను. 1972 ఆగస్టులో 155, 165లకు బదులుగా చిప్పుల మెమరీ గల 158, 168 యంత్రములను ప్రకటించిరి. రెండేండ్ల క్రిందట గొప్ప మూల్యమిచ్చి పెద్ద యంత్రమును కొన్నవారు, తమది అప్పుడే పాత తరమైనదని తెలిసికొని నొచ్చుకొనిరి. మరొకవంక, అమెరికా అంతరిక్ష నౌకలైన షటిల్‌లు 1981 నుండి దాదాపు పదేండ్లు ఉంగరముల మెమరీతోనే ఆకాశమునకు ఎగిరినవి. విద్యుత్తు పోయినను మరువని గుణము, అంతరిక్ష కిరణములకు తట్టుకొను గుణము వారికి వేగము కంటె ముఖ్యమైనవి. పాతదానిని కొనుటలో తప్పులేదు. ఏ గుణమునకై కొనుచున్నామో తెలిసియుండుట ప్రధానము.

పిమ్మట చిప్పుల మెమరీయే సర్వత్ర వ్యాపించినది. అంతటితో ధరల కథ ముగియలేదు. 1980 తరువాత జపాను కర్మాగారములు ఈ రంగమున అగ్రస్థానమునకు వచ్చెను. 1985లో ధరలు పడిపోగా, 1103ను సృష్టించిన ఇంటెల్ సంస్థయే ఈ మెమరీ వ్యాపారమును విడిచిపెట్టినది. 1986లో అమెరికా, జపాను దేశముల నడుమ అర్ధవాహకములను గూర్చి ఒడంబడిక జరిగెను. 1988 నాటికి మెమరీ చిప్పులకు కరవు ఏర్పడి ధరలు మిక్కిలి పెరిగెను. మూడేండ్లలో చిప్పు యొక్క స్వభావము మారలేదు. దానిని చేయు కర్మాగారములెన్ని, కోరువారెందరు అను లెక్క మాత్రము మారినది. మెమరీ ధర వస్తువు మంచిచెడ్డలను బట్టిగాక ఈ లెక్కను బట్టి నిర్ణయింపబడునని ఆనాడే రుజువైనది.

క్రొత్తదానిని నమ్మి నష్టపడిన కథ 1999 నాటిది. అప్పటికి ఇండ్లలోని కంప్యూటర్లలో ఎస్.డి.ర్యామ్ అను మెమరీ వాడుకలో ఉండెను. రాంబస్ అను సంస్థ అంతకంటె వేగము గల క్రొత్త మెమరీని రూపొందించినది. ఇంటెల్ దానిని ఆమోదించి, 1999 నవంబరులో 820 అను చిప్‌సెట్‌ను విడుదల చేసినది. క్రొత్త పలకల ధర పాతవానికి అనేక రెట్లుండెను. కొనువారు వెనుదీయగా, పాత మెమరీనే ఆ బోర్డుపై నడుపుటకు మధ్యవర్తిగా మరొక చిప్పును అమర్చిరి. ఆ చిప్పులో దోషము బయటపడి, 2000 మేలో అట్టి బోర్డులను వెనుకకు తీసికొనవలసివచ్చెను. అదే సంవత్సరము నవంబరులో వచ్చిన పెంటియం 4 ప్రాసెసరు మొదట రాంబస్ మెమరీతోనే పనిచేసెడిది. దానిని జంటలుగా కొనవలెను. ఖాళీగా నున్న స్లాట్లలో సయితము ఉత్తి పలకలను దూర్చియుంచవలెను.

ఇంతలో ఎస్.డి.ర్యామ్‌కు సహజమైన వారసుడు వచ్చినది. గడియారపు ఒక్కొక్క తాకునకు రెండుమార్లు సమాచారమును పంపు ఆ మెమరీయే డీడీఆర్. 2000లో దాని ప్రమాణము వెలువడినది. అది చవుక, ఏ కర్మాగారమైనను చేయగలిగినది. 2001 సెప్టెంబరులో పెంటియం 4 కొరకు పాత ఎస్.డి.ర్యామ్‌తో పనిచేయు చిప్‌సెట్ వచ్చినది. కొలది నెలలకు డీడీఆర్‌తో పనిచేయునదియు వచ్చినది. 2003 నాటికి రాంబస్ మెమరీ ఇంటి కంప్యూటర్ల నుండి దాదాపుగా తొలగిపోయినది. వేగమును చూచి దానిని కొన్నవారు, తరువాత మరికొంత మెమరీ చేర్చుకొనదలచినప్పుడు అధికమైన ధర చెల్లింపవలసివచ్చెను. ఆ క్రొత్తదారి ముందుకు పోకుండ మధ్యలోనే ఆగిపోయినది.

డీడీఆర్ దారి మాత్రము ముందుకు సాగినది. 2003లో రెండవ తరము, 2007లో మూడవది, 2014లో నాల్గవది అంగడికి వచ్చినవి. 2020 జూలైలో అయిదవ తరపు ప్రమాణము వెలువడినది. తరతరమునకు విద్యుత్ పీడనము తగ్గుచు వచ్చినది. మొదటిదానికి 2.5 వోల్టులు, తరువాత 1.8, 1.5, 1.2, అయిదవదానికి 1.1. కావుననే ఒక తరపు పలక మరొక తరపు స్లాటులో దూరరాదని, పలక అంచుననున్న గాటును ప్రతి తరమునందును వేరొక తావున ఉంచిరి. డీడీఆర్ 4, డీడీఆర్ 5 పలకలు రెండింటికిని 288 కాళ్లే. ఐనను గాటు వేరు, ఒకదాని స్లాటులో రెండవది కూర్చుండదు. ఇందువలన మెమరీని ఎన్నుకొనుట యనగా మదర్‌బోర్డును ఎన్నుకొనుటయే. బోర్డును కొన్న తరువాత మెమరీని గూర్చి ఆలోచించువాడు ఆలస్యముగా ఆలోచించువాడు.

అయిదవ తరము బాల్యమును చూడుడు. 2021 నవంబరులో ఇంటెల్ పన్నెండవ తరపు ప్రాసెసర్లు వచ్చినప్పుడు అవి డీడీఆర్ 4, డీడీఆర్ 5 రెండింటితోను పనిచేయగలిగెడివి. బోర్డులు మాత్రము సాధారణముగా ఒకదానికే అమర్చబడి యుండెను. ఆ దినములలో డీడీఆర్ 5 పలకలు దొరకుటయే దుర్లభము. విద్యుత్ పీడనమును సరిచేయు చిప్పు ఈ తరములో పలకపైననే యుండును. ఆ చిప్పులకు కొరత ఏర్పడినది. ధర చుక్కలనంటినది. అంత ధరకు తగిన ఫలితము లభించినదా యన్నచో, ఒక చిన్న లెక్క వేయవలెను.

డీడీఆర్ 4లో 3200 అను పలక సెకండునకు 320 కోట్ల మార్లు, మారునకు 8 బైట్ల చొప్పున సమాచారమును పంపగలదు. అనగా సెకండునకు 25.6 గిగాబైట్లు. డీడీఆర్ 5లో తొలుత వచ్చిన 4800 అను పలక 38.4 గిగాబైట్లు పంపగలదు. ఇది ధార యొక్క లెక్క. కోరిన విషయమునకు మొదటి బిందువు రాలుటకు పట్టు కాలము వేరొక లెక్క. పలకపై సి.ఎల్. అను అక్షరముల ప్రక్కనున్న అంకె దానిని తెలుపును. 3200 పలక సి.ఎల్. 16 అయినచో ఆ ఆలస్యము 10 నానోసెకండ్లు. నానోసెకండనగా సెకండులో వందకోట్లవ వంతు. 4800 పలక సి.ఎల్. 40 అయినచో ఆలస్యము 16 నానోసెకండ్లను మించును. కొళాయి పెద్దదైనను నీరు వచ్చుట ఆలస్యమైనది. పెద్ద పెద్ద పనులలో క్రొత్తది ముందుండినను, సామాన్యమైన పనులలో మంచి డీడీఆర్ 4 దానికి తీసిపోలేదు. పిమ్మట 6000 వేగము, సి.ఎల్. 30 గల పలకలు వచ్చినవి. వాని ఆలస్యమును 10 నానోసెకండ్లే, ధార మాత్రము 48 గిగాబైట్లు. అంతటితో క్రొత్త తరము యౌవనమునకు వచ్చినట్లయినది.

2022 సెప్టెంబరులో ఎ.ఎం.డి. సంస్థ తన క్రొత్త ఎ.ఎం.5 వేదికను డీడీఆర్ 5కు మాత్రమే నిర్మించినది. దానికి ముందున్న ఎ.ఎం.4 వేదిక డీడీఆర్ 4ది. ఇంటెల్ గూడ 2024 అక్టోబరులో వచ్చిన తన బల్లమీది ప్రాసెసర్లలో డీడీఆర్ 4ను విడిచిపెట్టినది. ఈ నడుమ కాలమున మితవ్యయము కోరువారికి పాత వేదిక, పాత మెమరీ నిజముగా లాభకరములైయుండెను. బోర్డు చవుక, పలక చవుక, పనికి లోటు లేదు.

పిమ్మట వార్ధక్యము వచ్చినది. 2025లో ప్రధానమైన మెమరీ సంస్థలు డీడీఆర్ 4 తయారీని క్రమముగా తగ్గింపనున్నట్లు తెలియగా, ఆ సంవత్సరము మే, జూను నెలలలో టోకు అంగడిలో పాత చిప్పుల ధర త్వరత్వరగా పెరిగి, కొన్ని రకములలో క్రొత్త చిప్పుల ధరనే మించినది. పాతది చవుక యను నమ్మకము అంతటితో తలక్రిందులైనది. సంవత్సరాంతమున క్రొత్తదానికిని ఆపద వచ్చినది. కృత్రిమ మేధస్సు కొరకు నిర్మింపబడుచున్న మహా గణనకేంద్రములు మెమరీని విపరీతముగా కోరుటచే, కర్మాగారములు తమ శక్తిని ఆ వైపునకు మరల్చినవి. డీడీఆర్ 5 ధరయు ఎగసినది. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ, గృహస్థులకు చిరపరిచితమైన క్రూషల్ అను తన విక్రయ శాఖను మూసివేయనున్నట్లు ప్రకటించినది. 1988 నాటి కరవు వేరొక రూపమున తిరిగి వచ్చినట్లయినది.

ఈ చరిత్ర నుండి కొనువాడు గ్రహింపదగినదేమి? మెమరీ ధరను ఒంటిగా చూడరాదు. ప్రాసెసరు, బోర్డు, మెమరీ మూడింటి ధరను కలిపి, పాత వేదికకు ఎంత, క్రొత్త వేదికకు ఎంత యని ఒకే దినమున, ఒకే కాగితముపై వ్రాసి చూడవలెను. నిరుటి మాట విని ఏటి ధరను ఊహింపరాదు. ఇదివరకే ఇంటిలో డీడీఆర్ 4 యంత్రమున్నవారు, దానికి మరొక పలకను చేర్చి బల్లను పెద్దది చేసికొనుట తరచుగా అన్నిటికంటె చవుకైన మార్గము. మెమరీ పలకలో కదలుచు అరుగు భాగములేవియు లేవు. కావున పరీక్షించి తీసికొనిన వాడిన పలకను అంటరానిదిగా తలపనక్కరలేదు. బోర్డు, ప్రాసెసరు, మెమరీ మూడును కలిపి అమ్మువారి వద్ద బేరము కుదిరినచో మరింత మేలు.

అన్నియు క్రొత్తగా కొనువారు రాబోవు అయిదారేండ్లను తలచుకొనవలెను. పాత వేదికపై తరువాత పెంచుకొనుటకు దారి ఇరుకు. పలకలు అరుదగుకొలది ధర పెరుగును. రెండు వేదికల మొత్తము వ్యయములో భేదము స్వల్పమైనచో క్రొత్తదానిని కొనుట వివేకము. భేదము ఎక్కువైనచో, ఆ మిగులు సొమ్ముతో పాత తరమునందే బల్లను పెద్దదిగా తీసికొనుట వివేకము. క్రొత్త తరపు 8 గిగాబైట్ల కంటె పాత తరపు 16 గిగాబైట్లు సామాన్యమైన ఇంటి పనులకు ఎక్కువగా ఉపకరించును. ఏ తరమైనను ఒకే పలకకు బదులు సమానమైన రెండు పలకలను జంటగా అమర్చినచో, ప్రాసెసరునకు రెండు మార్గములు తెరచుకొని ధార ఇనుమడించును.

కొనువాడు అంగడికి పోవునప్పుడు పాతదా, క్రొత్తదా యని అడుగుటకు ముందు మూడు సంగతులు విచారించుట మంచిది. ఆ తరము ఇప్పుడు ఏ వయస్సున నున్నది? దానిని ఇంకను తయారుచేయుచున్నారా? నా బోర్డులోని గాటు దానికి సరిపడునా? ఈ మూడింటికి సమాధానము దొరకినచో, తనకు తగిన మెమరీ ఏదో అతడు సులభముగా తేల్చుకొనగలడు.